కలివి కాదు, వాక్కాయ

పదకొండేళ్ళుగా మా పెరట్లో ఒక ముళ్ళపొద ఉంది. దాని పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ మొహం తిప్పుకుంటాను. నీళ్ళ డ్రమ్ము దాని పక్కనే ఉంది, కాబట్టి రోజుకు పదిసార్లైనా వెళ్ళక తప్పదు. ఇంటికి కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చి ఇదేం చెట్టని అడుగుతారేమోనని భయం. అడిగితే నా భర్త నవ్వుతూ ఆ కథంతా మొదటినుంచి చెబుతాడేమోనని ఇంకా భయం. ఆ కథలో మా అత్త మతి తప్పిన మనిషి, నేను ఓపిక గల కోడల్ని. రెండూ అబద్ధాలే.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదనిపిస్తోంది. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను. పోనీ గుడికి వెళ్ళి దేవుడికి చెప్పుకుందామా అంటే, ఆయనకు తెలియంది ఏముంది, ఆయనకు చెప్పినంత మాత్రాన నేను చెప్పినట్టవుతుందా? మనిషికి చెప్పాలి. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో తెలుగు బడిలో చదివిన నేను తప్ప ఎవరూ తెలుగు చదవలేరు. నా భర్త ఈ దీవుల్లోనే పుట్టాడు, హిందీలో చదువుకున్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గాని అక్షరం ముక్క రాదు. అత్త వేలిముద్ర మనిషి. ఈ నోటుబుక్కు మంచం మీద పడేసి పోయినా ఫరవాలేదు. అయినా బియ్యం డబ్బా వెనకాల దాస్తున్నాను. ఎవరినుంచి దాస్తున్నానో మీరే చెప్పండి.

మేముండేది పోర్ట్ బ్లెయిర్‌లో, బ్రూక్షాబాద్‌లో. రేకుల కప్పు, రెండు గదులు, వెనక నాలుగు మూరల పెరడు. నా భర్త హాడో జెట్టీలో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. అత్త పెళ్ళయిన ఏడాదే శ్రీకాకుళం సముద్రం ఒడ్డునుంచి ఓడెక్కి వచ్చిందట. మామ వేటకు వెళ్ళేవాడు, ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని హాడోలో సర్కారు క్వార్టర్ల చుట్టూ తిరిగి అమ్మేది. మామ పోయాక కూడా తట్ట దించలేదు. మొప్ప ఎత్తి ఒక్కసారి చూసిందంటే చేప ఏ పూట పడిందో, మంచులో ఎంతసేపుందో చెప్పేసేది. క్వార్టర్లలో బెంగాలీ ఆడవాళ్ళు, తమిళ ఆడవాళ్ళు వేరేవాళ్ళ దగ్గర కొన్న చేప కూడా పట్టుకొచ్చి ఈమెకు చూపించేవాళ్ళు. "అమ్మా, యే తాజా హై న?" ఆమె తలూపితేనే కూర వండేవాళ్ళు. గర్వం ఉండేది ఆమెకు. ఉండదా మరి!

నాతో మాత్రం మాట కటువు. నా పులుసు నీళ్ళు, నా అన్నం ముద్ద. నేను నాటిన మిరప మొక్క కూడా బతకదని వీధంతా చెప్పేది. నేను పైకి నవ్వేదాన్ని, లోపల ఉడికిపోయేదాన్ని.

ఒక వేసవిలో ఆమె అన్న చనిపోతే ఊరికి వెళ్ళింది. తిరిగి ఓడ దిగినప్పుడు చేతిలో గుడ్డమూట. విప్పి చూపించింది. నల్లటి చిన్న చిన్న పళ్ళు, శనగగింజంత. సగం మగ్గిపోయి గుడ్డకు అంటుకుపోయాయి. కలివి పళ్ళట. వాళ్ళ ఊరి వెనకాల గుట్టమీద పొదలు పొదలుగా ఉంటాయట. చిన్నప్పుడు తిని తిని పెదాలు నల్లబడితే వాళ్ళమ్మ కొట్టేదట. నేను దీవుల్లో పుట్టినదాన్ని, కలివి అన్న మాట వినడమే గాని చూసింది లేదు. తినమని నా చేతిలో రెండు పెట్టింది. ఆమె అటు తిరగగానే డ్రమ్ము వెనకాల పారేశాను. కుళ్ళిపోయాయి కదా, ఎలా తినను? ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనిమీదే ఒక అబద్ధం ఆడాను.

మిగిలిన పళ్ళు పిసికి, గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, పెయింటు డబ్బాలో మట్టి పోసి నాటింది. వానలు మొదలయ్యాయి. నెలకి మొలకలొచ్చాయి, అయిదు. అప్పుడు చూడాలి ఆమెను! నత్తలు ఎక్కకుండా డబ్బా చుట్టూ బూడిద పోసేది. మా దీవుల్లో పిడికిలంత నత్తలుంటాయి, పూటలో మొక్కను నున్నగా నాకేస్తాయి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఆ డబ్బా ముందు కూర్చునేది. ఎదురెదురుగా ఆకు వస్తే కలివి, జంటగా ముల్లు వస్తే కలివి, కొమ్మ గిల్లితే పాలు కారితే కలివి అని నాకు పాఠం చెప్పేది. పూత మల్లెపువ్వులా తెల్లగా ఉంటుందట, కాయ పచ్చగా ఉన్నప్పుడు జిగురట, ఎర్రబడి, నల్లబడ్డాక నోట్లో వేసుకుంటే తేనెట. మూడేళ్ళు ఆగాలట. "నాను పోయే లోపల ఒక్క పండు తినాల" అనేది. నవ్వుతూనే అనేది.

ఆ మరుసటి ఏడు, మొక్కలు జానెడు ఎదిగాక, హట్‌బేలో ఉన్న మా ఆడపడుచుకి పురుడు వచ్చింది. అత్త నాలుగు నెలలు అక్కడే ఉండాలి. వెళ్ళేముందు పక్కింటి ఆడవాళ్ళందరి ముందూ నాకు చెప్పింది, మొక్కలకు రోజూ చెంబుడు మంచినీళ్ళు పొయ్యమని, నా వంట చేసినట్టు చెయ్యొద్దని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వేసవి ముదిరింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నవాళ్ళకు ఆ రోజుల సంగతి తెలుసు. మూడురోజులకోసారి కొళాయి. డ్రమ్ములో నీళ్ళు అడుగంటుతుంటే మొక్కకు మంచినీళ్ళు పొయ్యడానికి చెయ్యి ఎలా వస్తుంది? చేపలు కడిగిన నీళ్ళు పోశాను. తప్పేం కాదు, మేమందరం కరివేపాకుకి, కొబ్బరికి అవే పోస్తాం, మొక్క ఏపుగా వస్తుంది. అవీ బాగానే ఎదిగాయి. తర్వాత బోట్లు వేటకు వెళ్ళని నెలలు వచ్చాయి. ఇంట్లో ఎండు చేపే. ఉప్పు పోవడానికి ఎండు చేపను నీళ్ళలో నానబెడతాం కదా, ఆ నీళ్ళు కూడా అదే డబ్బాలో పోశాను. ఒకరోజు కాదు, వారం రోజులు పోశాను. ఆకులు అంచులు మాడి, గోధుమరంగుకి తిరిగి, రాలిపోయాయి. అయిదూ చచ్చాయి.

తెలియక పోశానా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. చేపలవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, ఉప్పునీళ్ళు మొక్కను చంపుతాయని తెలియకపోతే ఇంకేం తెలుసు నాకు? ఆలోచించలేదు, పనిలో పడి గిన్నె వంచేశాను అని చెప్పుకుంటూ వచ్చాను. అది కొంత నిజం. కాని గిన్నె వంచుతున్నప్పుడు పక్కింటివాళ్ళ నవ్వు నా చెవిలో ఉంది. అదీ నిజమే. రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

భయం పట్టుకుంది. మా అత్త నోరు మీకు తెలియదు. చచ్చిన మొక్కనొకదాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని టౌన్లో మొక్కలమ్మే అతని దగ్గరికి వెళ్ళాను. అతను మిగిలిన ఒక్క ఎండుటాకు చూశాడు, ముల్లు చూశాడు. "దీదీ, యే తో బ్లాక్ కరెంట్ హై. ఇండియన్ వాలా" అన్నాడు. లోపలినుంచి మూడు మొక్కలు తెచ్చి ముందు పెట్టాడు. ఎదురెదురు ఆకులు, జంట ముళ్ళు. ఆకు గిల్లాను, పాలు కారాయి. దేవుడు కాపాడాడనుకున్నాను. బ్లాక్ కరెంటో కలివో, పేరు ఏదైతేనేం, రెండూ ఒకటే అనుకున్నాను. ఇంతవరకు నా తప్పు చిన్నదే. నన్ను నేను వెనకేసుకురావడం కాదు, ఉన్నది చెబుతున్నాను. ఆ డబ్బాలోనే ఆ మూడూ నాటి, రెండు చచ్చాయి, మూడు బతికాయని అత్తకూ, మొక్కల వంక చూడని నా భర్తకూ చెప్పాను.

అత్త వచ్చి చూసి మురిసిపోయింది. వీధి చివరిదాకా వెళ్ళి నా కోడలి చెయ్యి మంచిది, ఇంత ఎండలో మూడు మొక్కలు నిలబెట్టింది అని చెప్పుకుంది. కాపురానికి వచ్చాక ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. నోరు రాలేదు.

మొక్కల్ని నేలలో నాటింది. రెండు ఏదో తెగులొచ్చి పోయాయి, డ్రమ్ము పక్కది నిలబడి నా నడుమెత్తు పొద అయింది. మూడో ఏడు పూసింది. మల్లెపువ్వులా తెల్లగానే పూసింది. కాయలు పట్టాయి. కాని ఆ కాయలు ఆగలేదు, పెరుగుతూనే ఉన్నాయి. శనగగింజ దాటి, రేగుపండంత అయ్యాయి. గులాబీరంగుకు తిరిగాయి. అత్త రోజూ పొద చుట్టూ తిరుగుతూ కాయలు నొక్కి చూసేది.  ఒక ఆదివారం పొద్దున, నా భర్త ఇంట్లోనే ఉన్నాడు, ఒక కాయ నల్లబడింది. అత్త కోసి, చీర కొంగుకు తుడిచి, కొరికింది. మొహం ముడుచుకుపోయింది.

"ఒలే కోడలా, ఇది కలివి గాదే. ఇది వాక్కాయ."

"ఏటత్తా అలాగంటావు? గింజలు నువ్వే గదా ఏసినావు, నీ సేత్తోనే?"

"ఏసినాను. మా గుట్టమీద పళ్ళే గదా తెచ్చినాను."

"మరి కలివి గింజేస్తే వాక్కాయ ఎలాగ కాస్తాది?"

"కాయదు" అంది. చేతిలో సగం కొరికిన పండు చూసుకుంది. "కాయదు గదా. మరి ఇది వాక్కాయే. వాక్కాయ నానెరగనా? మాయమ్మ పచ్చడి పెట్టేది."

నా భర్త నవ్వాడు. "అమ్మా, ఎప్పుడో చిన్నప్పుడు తిన్నావు. ఆ రుచి యాద్ ఉంటాదా? ఇక్కడి మట్టి వేరు, వాన వేరు. ఛోడో న, వదిలెయ్."

"చిన్నప్పుడేటిరా! మొన్న మీ మావయ్య పోయినప్పుడు తిన్నాను గదా."

ఆమె నావైపు చూసింది. నేను సాక్ష్యం చెబుతానని చూసింది. నాకు అప్పటికే అర్థమైపోయింది, మొక్కలమ్మేవాడు ఇచ్చింది వేరే జాతి అని. ఒక్క మాట చాలు. "అత్తా, నీ మొక్కలు చచ్చిపోయినాయి, ఇవి కొన్నవి." అంతే. తిట్టేది, ఓ నెల మాట్లాడేది కాదు, అయిపోయేది. కాని భర్త ముందు, మూడేళ్ళ మెప్పు తర్వాత, ఆ మాట రాలేదు. ఇంకో మాట వచ్చింది.

"నువ్వు మర్సిపోయినావత్తా. ఓడ దిగిన రోజు నాకూ రెండు ఇచ్చినావు గదా, నేనూ తిన్నాను. ఇలాగే ఉన్నాయి. ఇదే పులుపు."

  ఆమె ఆ మిగిలిన సగం పండు కూడా నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "అలాగా" అంది. "మర్సిపోయినట్టున్నాను."

ఆ సాయంత్రం ఫోన్‌లో వెతికాను. వాక్కాయ బొమ్మ వచ్చింది. మా పెరట్లోదే. కింద బ్లాక్ కరెంట్ అని కూడా కొందరంటారని రాసి ఉంది. ఫోన్ మూసేశాను.

అక్కడితో ఆగిందా? ఆగితే ఇది రాసేదాన్నే కాదు. అమ్మకు మతిమరుపు వస్తోందన్న మాట నా భర్త తలలో నాటుకుపోయింది. ఆనాటినుంచి కాచుకుని చూడటం మొదలుపెట్టాడు. ప్రేమతోనే. అత్త ఒకసారి పాలు పొంగబెట్టింది, నేను నెలకు నాలుగుసార్లు పొంగబెడతాను. హట్‌బే మనవరాలిని కూతురి పేరుతో పిలిచింది, ఏ ఇంట్లో పిలవరు? ప్రతిసారీ అతను నావైపు చూసి మెల్లగా, "కలివి చెట్టు రోజునుంచీ ఇంతే" అనేవాడు. నేను తలూపేదాన్ని. ఆ తలూపడం ఎంత తేలికో!

చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. నా భర్త ముందు ఆ చెట్టు కథే చెప్పాడు, తన చేత్తో వేసిన మొక్కనే గుర్తుపట్టలేదు సాబ్ అని. నేను పక్కన కూర్చుని ఉన్నాను. డాక్టరు అత్తను ఇవాళ ఏ తారీఖని అడిగాడు. ఆమె బెదిరిపోయి, వేళ్ళు లెక్కపెట్టుకుని, "సప్తమి" అంది. ఏ నెల అంటే, సముద్రం పోటు తక్కువగా ఉండే రోజులని, వల దగ్గర్లోనే వేస్తారని ఏదో చెప్పబోయింది. నా భర్త తల దించుకున్నాడు. ఆ రోజు నిజంగా సప్తమే. నాకు తెలుసు. మా వాళ్ళు తారీఖులతో బతకరు, తిథితో, పోటుతో బతుకుతారు. ఆ ముక్క ఆ డాక్టరుకు హిందీలో చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. చెప్పలేదు. చెబితే ఆమెకు మతి బాగుందని తేలుతుంది. మతి బాగుంటే ఆ చెట్టు సంగతి ఏమవుతుంది? అలా లెక్క వేసుకున్నాను, కూర్చున్నచోటే. ఆయన ఒక మాత్ర రాసిచ్చాడు. ఆ మాత్రకు ఆమె పగలంతా మగతగా ఉండేది.

తట్ట అటక మీదికి ఎక్కింది. దారి మర్చిపోతుందని, బండి కింద పడుతుందని నా భర్త భయం. ఆమె రెండురోజులు ఏడ్చింది. ఎదురు తిరుగుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. తిట్టలేదు. తనమీద తనకే నమ్మకం పోయింది. చింతపండు పిసికి "సాలునా సూడే" అని అడిగేది. తలుపు గడియ వేసి, వేశానా అని అడిగేది. నామీద గసిరే మనిషి నన్ను అడగనిదే నీళ్ళు తాగడం మానేసింది. మా వీధిలో అందరూ నన్ను మెచ్చుకుంటారు, సొంత కూతురైనా ఇంత చూడదని. ఆ మాట విన్నప్పుడల్లా చెమటలు పడతాయి. నిజంగా. మెడ వెనక తడిసిపోతుంది.

ఇన్నేళ్ళు ఓర్చుకున్నదాన్ని, ఇప్పుడేమైందంటారా? పోయిన వారం కానాగంత చేపలు తెచ్చాను. పొద్దున పడినవి, మొప్పలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పీట ముందు పోశాను. అత్త ఒకటి చేతిలోకి తీసుకుంది. మొప్ప ఎత్తింది. ఆ వేళ్ళు ఆ పని మర్చిపోలేదు. చూసి, నావైపు చూసి, "ఇది మంచిదేనేటే అమ్మా?" అని అడిగింది.

నేను కత్తిపీట వదిలేసి పెరట్లోకి పారిపోయాను.  ఇక లాభం లేదు, చెప్పెయ్యాలి, ఇవాళే, భర్త వినేట్టే చెప్పెయ్యాలి అనుకున్నాను. అతను అరుగుమీద కూర్చుని ఏదో ఇంజను ముక్క తుడుచుకుంటున్నాడు. పొదనుంచి నాలుగు పళ్ళు కోశాను, ముల్లు గుచ్చుకుంది, చూసుకోలేదు. వెళ్ళి ఆమె ముందు కూర్చుని పళ్ళు ఒళ్ళో పెట్టాను.

"అత్తా, ఇయి వాక్కాయలే. కలివి గాదు. ఆ రోజు నువ్వన్నదే నిజం. నీ మొక్కలు నేనే సంపేసినాను. ఇది కొన్న మొక్క. నువ్వేటీ మర్సిపోలేదు. నేనే అబద్దమాడినాను."

ఒక్క గుక్కలో చెప్పేశాను.  ఆమె పళ్ళను వేళ్ళతో అటూ ఇటూ దొర్లించింది. నా మొహంలోకి చూసింది. కోపం వస్తుందేమో, గుర్తు వస్తుందేమో, చెంప పగలగొడుతుందేమో అని ఎదురుచూశాను.

"అలాగేటే?" అంది. "నాకేటి తెలుస్తాదమ్మా. నువ్వు కలివంటే కలివి. వాక్కాయంటే వాక్కాయ."

నా తలమీద చెయ్యి వేసి నిమిరింది. ఏడవొద్దంది.

అరుగుమీంచి నా భర్త లేచి వచ్చాడు. అంతా విన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. వంటింట్లోకి నా వెనకే వచ్చి, మెల్లగా, ఆమెకు వినబడకుండా అన్నాడు. "అచ్ఛా కియా, మంచి పని చేసినావు. అమ్మ మాటే నిజమని అన్నావు. ఎంత ఖుషీ అయిందో చూసినావా? నీ అంత మంచి మనసు నాకు లేదు."

అప్పుడు నోరు తెరవాలి. తెరవలేదు. పొయ్యి వెలిగించాను.

ఆమె నమ్మడానికి ఇప్పుడు ఆమెకు తన మాట లేదు, నా మాటే ఉంది. అతనికి నా నిజం కూడా మంచితనంలా కనిపిస్తోంది. మళ్ళీ చెబుతానా? చెప్పాలి. ధైర్యం వస్తుందని మాటివ్వలేను, ఇన్నేళ్ళ నన్ను నేను ఎరుగుదును. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. నేను నిజం చెబితే అది ఓదార్పు మాట అనుకోని మనిషి ఒక్కరైనా ఉండాలి. అందుకే మీకు రాస్తున్నాను. 

ఆ ఆదివారం పొద్దున ఆమె చేతిలో ఉన్నది వాక్కాయ. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మా అత్తకు ఆ రోజు మతి బాగానే ఉంది.